మరమనిషి ప్రక్కన పనిచేయువారు

'రోబోటు' అను మాట ఇప్పుడు చిన్నపిల్లలకును తెలియును గాని, అది పుట్టిన విధము తెలిసినవారు తక్కువ. చెక్ రచయితయగు కారెల్ చాపెక్ 1920వ సంవత్సరమున ప్రకటించిన నాటకమొకదానిలో, మనుష్యులకు బదులుగా పాటుపడు కృత్రిమజీవులకు ఈ పేరు పెట్టెను. పేరు సూచించినవాడు ఆయన యన్నయగు జోసెఫ్. చెక్ భాషయందు 'రోబోత' యనగా వెట్టిచాకిరి. ఆ నాటకమున రోబోట్లు తుదకు మనుష్యులపై తిరుగబడును. కావున ఈ పేరు వినగానే కొందరికి జంకు కలుగుట వింత కాదు. అయితే నిజమైన కర్మాగారములలో వీని చెంత నిలిచి పనిచేసినవారి మనస్సులెట్లుండెను? మేము విచారింపదలచినది ఇదియే.

1961వ సంవత్సరమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమందు జనరల్ మోటార్సువారి కర్మాగారమున 'యూనిమేట్' అను మొదటి పారిశ్రామిక రోబోటు పనికి కుదిరెను. దానిని కల్పించినవాడు జార్జి డెవోల్. దానికి ముఖము లేదు, కాళ్లు లేవు. ఉన్నదెల్ల ఒక్క పెద్ద చేయి. అచ్చుపోసిన లోహపుముక్కలను వేడి చల్లారకముందే తీసి ప్రక్కన పెట్టుట దాని పని. సెగకును, పొగకును, చేయి కాలునను భయమునకును ఓర్చి మనిషి చేయవలసిన పని యది. అట్టి పని మరకు పోయినందులకు కన్నీరు పెట్టువారుందురా?

పదునొకండేండ్లు గడచునప్పటికి, ఆ కంపెనీదే యగు ఓహైయో రాష్ట్రపు లార్డ్‌స్టౌన్ కర్మాగారమున వేరొక కథ నడిచెను. అచ్చట 'వేగా' యను చిన్న కారును తయారుచేయుచుండిరి. రేకులను వెల్డింగు చేయుటకు యూనిమేట్లను బారులు తీర్చి నిలిపిరి. తక్కిన కర్మాగారములలో గంటకు 60 కార్లు సాగిన గొప్ప. ఇచ్చట 100 కార్లు సాగవలెనని యేర్పాటు. అనగా ఒక్కొక్క కారునొద్ద పనివానికి దక్కినది 36 సెకనులు. చదువరులు గడియారము ముందు పెట్టుకొని ఆ కాలమును ఒకమారు లెక్కించి చూతురు గాక. బోల్టు బిగించి తలయెత్తునప్పటికి మరియొక కారు ఎదుటనుండును, దానివెనుక వేరొకటి, దినమంతయు నిట్లే. పనివారిలో కొందరిని తొలగించి, వారి పనిని మాపై మోపిరని మిగిలినవారు మొఱపెట్టిరి. వారిలో ననేకులు ఇరువది, ఇరువదియైదేండ్ల యువకులు. 1972 మార్చి నెలలో వారు పని విడిచి మూడు వారములు సమ్మె చేసిరి.

మాకు తోచినంతవరకు వారి కోపము ఆ లోహపు చేతులపైన కాదు. రోబోటుకు అలుపు లేదు, దప్పిక లేదు, నడుము నొప్పి లేదు. అట్టిదాని కొలతతో మనిషిని కొలువ మొదలిడినందులకే వారు మండిపడిరి.

భయమునకు వేరొక కారణమును కలదు. 1979 జనవరిలో మిషిగను రాష్ట్రపు కర్మాగారమొకటిలో సరుకుల అరలయొద్దకు ఎక్కిన పనివాడు రోబోటు చేయి తగిలి మరణించెను. అట్టి యంత్రములను కంచెలలోపల నుంచుట వాడుక. కంచెకు ఆవల నున్నదానిని సహచరుడనుట కష్టమే. మనిషికి తగిలినంతనే ఆగిపోవు తేలిక రోబోట్లు 2008వ సంవత్సరము మొదలు డెన్మార్కునుండి అమ్మకమునకు వచ్చినపిమ్మటనే, కంచె లేకుండ ఒకే బల్లయొద్ద ఇరువురును పనిచేయుట అలవాటగుచు వచ్చెను.

జపానులో మాత్రము తీరు వేరు. అచ్చట 1969లో కవాసాకివారు రోబోట్లను చేయ నారంభించిరి. 1980 ప్రాంతమున కార్ల కర్మాగారములలోని పనివారు వీనికి తమకు నచ్చిన గాయనుల పేర్లు పెట్టి పిలుచుకొనెడివారు! దీనికి జాతిస్వభావమే కారణమని కొందరందురు. మేమంత దూరము పోము. అచ్చటి పెద్ద కంపెనీలు తమ స్థిరోద్యోగులను సాధారణముగా వెళ్లగొట్టక, యంత్రము వచ్చినచో మరియొక పనిలోనికి మార్చెడివి. కూటికి లోటు రాదను నమ్మకమున్నచోట ముద్దుపేరు పెట్టుటకు మనసొప్పును.

మన దేశపు సంగతి యొకటి చెప్పవలసియున్నది. మురుగుగుంటలలో దిగి విషవాయువు సోకి చనిపోయినవారి వార్త పత్రికలో చదువని యేడు లేదు. మనుష్యులచే పాకీపని చేయించుటను నిషేధించు చట్టము 2013లో వచ్చినను ఆ చావులు ఆగలేదు. 2018లో కేరళదేశమున కొందరు యువ ఇంజనీర్లు 'బాండికూట్' అను రోబోటును తిరువనంతపురమున పనిలో పెట్టించిరి. అది మాన్‌హోలుపై కాళ్లూని నిలిచి, ఒక చేతిని లోపలికి దింపి, పూడికను తోడి పైకి తెచ్చును. లోపలి దృశ్యము కెమెరా మూలమున పైనున్న తెరపై కనబడును. ఇందు మాకు మిక్కిలి నచ్చినది యంత్రము కాదు. ఇదివరకు గుంటలో దిగినవారికే దానిని నడుపుట నేర్పిరి.

దానిని కొన్న ప్రతి పురపాలక సంఘమును ఇట్లే చేయునా, లేక పాతవారిని ఇంటికి పంపి క్రొత్తవారిని తెచ్చుకొనునా యని యడుగవలసియున్నది. గుంటలో దిగినవానికి, రాయి యెచ్చట అడ్డుపడునో, గుడ్డపీలికలు యెచ్చట చిక్కుకొనునో తెలియును. ఆ తెలివితోడనే యతడిప్పుడు వీధిలో పొడిబట్టలతో నిలిచి, తెరవంక చూచుచు, ఆ యినుపచేతిని ఎడమకు త్రిప్పుచున్నాడు.