చంపదు... దారికి తెస్తుంది!

చిగుళ్ల నుంచి రక్తం. కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. దెబ్బ తగలకపోయినా కమిలిన మచ్చలు. పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉంటాయి. వానకాలంలో ఇవన్నీ చూస్తే ముందుగా తోచేది డెంగీయే. చాలాసార్లు అదే అయ్యుంటుంది కూడా. కానీ హిమోగ్లోబిన్‌ కూడా తగ్గిపోయి, రక్తస్రావం ఆగకుండా ఉంటే రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూడటం (పెరిఫెరల్‌ స్మియర్‌) ఆలస్యం కాకూడదు. అరుదుగానైనా అది ఏపీఎల్‌ అనే రక్తక్యాన్సర్‌ కావొచ్చు. పూర్తిపేరు అక్యూట్‌ ప్రోమైలోసైటిక్‌ ల్యుకేమియా.

ఒకప్పుడు దీని పేరు వింటేనే డాక్టర్లు హడలిపోయేవారు. మెదడులో రక్తస్రావమై రోజుల్లోనే ప్రాణం పోయేది. ఇప్పుడు రక్తక్యాన్సర్లలో బాగా నయమయ్యే వాటిలో ఇదొకటి. ఈ మార్పు ఎలా వచ్చింది?

మన కణాలన్నింటిలోనూ దాదాపు అవే జన్యువులుంటాయి. అయినా కాలేయ కణం కాలేయంలా, రక్తకణం రక్తకణంలా పనిచేస్తుంది. ఏ జన్యువు ఎప్పుడు మేల్కోవాలి, ఏది నిద్రపోవాలి అన్నది నియంత్రణలో ఉండటమే ఇందుకు కారణం. ఎముక మజ్జలో పుట్టిన తెల్లకణం ఎదగటానికి తోడ్పడే జన్యువులను విటమిన్‌-ఎ నుంచి తయారయ్యే రెటినాయిక్‌ ఆమ్లం మేల్కొల్పుతుంది. ఏపీఎల్‌లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తెగి, అటూఇటూ మారి అతుక్కుంటాయి. దాంతో పుట్టే వికృత ప్రొటీన్‌ ఈ జన్యువుల మీద తిష్ఠ వేసి, వాటిని మేల్కోనివ్వదు. ఫలితం- కణం ఎదగదు, చావదు, పెరుగుతూనే పోతుంది. ఎదగని పిల్లాడు ఇల్లంతా ఆక్రమించినట్టు!

షాంఘైకి చెందిన డాక్టర్‌ వాంగ్‌ ఝెన్‌యీ ఈ కణాలను చంపే బదులు ఎదిగేలా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. 1985లో చావుబతుకుల్లో ఉన్న ఐదేళ్ల పాపకు ఆట్రా (ఆల్‌ ట్రాన్స్‌ రెటినాయిక్‌ యాసిడ్‌) ఇచ్చి కాపాడారు. 1988లో ప్రచురించిన 24 మంది వివరాల్లో 23 మందికి ఈ ఒక్క మందుతోనే జబ్బు అదుపులోకి వచ్చింది. ఎక్కువ మోతాదులో ఇచ్చే ఈ మందు, ఒంట్లో మామూలుగా ఉండే ఆమ్లం తెరవలేని తాళాన్ని తెరుస్తుంది. కణాలు ఎదిగి, ఆయుష్షు తీరాక వాటంతటవే పోతాయి.

అయితే ఆట్రా ఒక్కటే వాడితే జబ్బు తిరగబెట్టేది. ఆ లోటును తీర్చింది మన పెద్దలు తెల్లపాషాణం అని భయపడే పదార్థమే! చైనాలోని హార్బిన్‌ వైద్యులు మందుగా వాడి చూపిన ఆర్సెనిక్‌ ట్రయాక్సైడ్‌, ఆ వికృత ప్రొటీన్‌నే ముక్కలయ్యేలా చేస్తుంది. ముప్పు తక్కువ, మధ్యస్థంగా ఉన్నవారిపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆట్రా, ఆర్సెనిక్‌ కలిపి ఇచ్చినవారిలో రెండేళ్లకు 99% మంది బతికి ఉన్నారు. ఆట్రాతో కీమో తీసుకున్నవారిలో ఇది 91%. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే వేలూరు సీఎంసీ కూడా ఆర్సెనిక్‌ చికిత్సలో మంచి ఫలితాలు సాధించింది.

‘మరి అన్ని క్యాన్సర్లకూ ఇదే ఇవ్వొచ్చుగా?’ అని అడగొచ్చు. కుదరదు. ఏపీఎల్‌లో ప్రధాన దోషి ఒక్కడే. రొమ్ము, ఊపిరితిత్తుల వంటి క్యాన్సర్లలో చాలా జన్యువులు గాడి తప్పుతాయి. విటమిన్‌-ఎ మాత్రలు మింగితే ఏ క్యాన్సరూ తగ్గదు. ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. పాషాణం కలిసిన నాటుమందుల జోలికి అసలే పోవద్దు.

ఏపీఎల్‌ అని అనుమానం వస్తే జన్యుపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగరు. ఆట్రా అదేరోజు మొదలుపెడతారు. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. ఇలాంటి అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్‌, ఐబూప్రొఫెన్‌ వేసుకోకూడదు, కండరానికి ఇంజెక్షన్లు చేయించుకోకూడదు. మందు మొదలయ్యాక జ్వరం, ఆయాసం, ఉన్నట్టుండి బరువు పెరగటం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. కణాలు ఒక్కసారిగా ఎదగటంతో తలెత్తే ఇబ్బంది ఇది. వెంటనే స్టిరాయిడ్‌ ఇస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది.