కంతి తీసిన తర్వాత కనిపించే బొమ్మలు

మసక వెలుతురులో తాడును చూసి పాము అనుకోవడం భ్రమ. అక్కడ తాడైనా ఉన్నది. తాడే లేని చోట పాము కనిపిస్తే అది భ్రాంతి. మెదడులో కంతిని తొలగించిన తర్వాత కొందరికి కనిపించే దృశ్యాలు ఈ రెండవ తరగతికి చెందినవి.

హైదరాబాదులో శస్త్రచికిత్స చేయించుకొని ఇబ్రహీంపట్నంలోని ఇంటికి చేరిన మనిషి, "ఆ గోడ పక్కన పిల్లలు ఆడుకుంటున్నారు" అన్నాడనుకోండి. గాలి సోకిందని ఒకరు, మతి చలించిందని మరొకరు అంటారు. ఆ మాటలకు భయపడి రోగులు ఈ సంగతిని వైద్యునికి కూడా చెప్పక దాచుకోవడం కద్దు. అది ఎందుకు తగదో తెలియాలంటే, చూడడమనే పని ఎక్కడ జరుగుతుందో ముందు తెలియాలి.

చూసేది కన్ను అని వాడుకలో అంటాము గాని, కన్ను చేసేది సగం పనే. నేత్రపటలంపై పడిన వెలుగు నాడీ సంకేతాలుగా మారి, మెదడు వెనుక భాగంలోని దృష్టి కేంద్రానికి చేరుతుంది. మనకు ఎడమవైపున్న దృశ్యం కుడి అర్ధగోళానికి, కుడివైపున్నది ఎడమ అర్ధగోళానికి పోతుంది. రంగులకు, ముఖాలకు, కదలికలకు మెదడులో వేర్వేరు తావులున్నవి. గత శతాబ్దంలో కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, మెలకువగా ఉన్న రోగుల మెదడుకు స్వల్ప విద్యుత్తును తాకించి చూశాడు. వెనుక భాగాన తాకితే మిణుకుమనే చుక్కలు, రంగులు. కణత వైపున తాకితే కొందరికి మనుషులు, పూర్తి దృశ్యాలు! కంటికి చూపినది ఏమీ లేదు. (మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు గనుకనే ఇట్టి పని సాధ్యం. 2022లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక రోగికి చిరంజీవి సినిమా చూపిస్తూనే కంతిని తొలగించారు.)

ఇక కంతి కుడి అర్ధగోళం వెనుక భాగాన ఉన్నదనుకుందాము. కంతి వల్ల గాని, కోత వల్ల గాని అక్కడి మార్గం తెగితే, రెండు కళ్ళకూ ఎడమ సగం కనిపించదు. విచిత్రమేమంటే, భ్రాంతి దృశ్యాలు తరచు ఆ కనిపించని సగంలోనే తోస్తాయి. సంకేతాలు ఆగినంత మాత్రాన మిగిలిన దృష్టి కణాలు ఊరుకోవు. తమంతట తామే స్పందించసాగుతాయి. ముఖాల తావు స్పందిస్తే ముఖాలు, రంగుల తావు స్పందిస్తే రంగులు.

దీనికి పిచ్చితో సంబంధం లేదు. 2004లో వెలువడిన ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులైన 13 మందికి 5 రోజులపాటు కళ్ళకు గంతలు కట్టగా, 10 మందికి ఇట్టి భ్రాంతులు కలిగినవి. అంతకు చాలా ముందే, 1760లో, జెనీవా శాస్త్రజ్ఞుడు షార్ల్ బొనే తన తాతగారి అనుభవాన్ని గ్రంథస్థం చేశాడు. శుక్లాలతో చూపు మందగించిన ఆ వృద్ధునికి మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవి. అవి నిజం కావని ఆయన ఎరుగును.

అయితే అన్ని భ్రాంతులూ ఇంత సాధువులు కావు. ఒకే రకం రంగుల వలయాలు కొద్ది సెకన్లో, నిమిషాలో కనిపించి పోయి, మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది మూర్ఛ రోగ లక్షణం కావచ్చు. జ్వరం, క్రిమిదోషం, రక్తంలో సోడియం తగ్గడం, వాపు తగ్గించడానికి ఇచ్చే స్టీరాయిడ్ మందులు కూడా కారణం కావచ్చు. రోగి తికమకపడుతూ, కనిపించినదే నిజమని నమ్ముతుంటే ఆలస్యం చేయరాదు. ప్రతిదానికీ చికిత్స వేరు. అందుచేత వైద్యుడు అడిగే ప్రశ్నలకు ఇంటివారు జవాబు సిద్ధం చేసుకొని వెళ్ళడం మేలు: బొమ్మ ఏ వైపున కనిపిస్తున్నది? ఎంతసేపు నిలుస్తున్నది? కళ్ళు మూస్తే పోతున్నదా? చూపు కోల్పోయినందువల్ల వచ్చే బొమ్మలైతే, చూపు అటూ ఇటూ కదిపినా, గదిలో దీపం పెంచినా కొందరికి అప్పటికప్పుడు మాయమవుతాయి.