కేకూ పిండివంటే!

జంతికల గొట్టం అటకెక్కింది. గవ్వల పీట ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వంటింటికి దూరమైన పిల్లల్ని మళ్లీ పిండి గిన్నె ముందు కూర్చోబెట్టింది ఓవెనే.

ఆదివారం సాయంత్రం నాలుగయ్యేసరికి మా హాల్లో నేల మీద ముగ్గురు కూర్చుని ఉంటారు. ఆరో తరగతి చదివే మా పెద్దది, మూడో తరగతి చిన్నాడు, డెబ్బై దాటిన మా అత్తయ్య. మధ్యలో పాత న్యూస్‌పేపరు, దాని మీద బేసిన.

“కప్పున్నర మైదా” అని పెద్దది ఫోన్లో చూసి చదువుతుంది.

“ఏ కప్పే? కాఫీ కప్పా, టీ కప్పా?” అంటారు అత్తయ్య.

“కొలత కప్పు నానమ్మా. రెండు వందల నలభై ఎమ్మెల్.”

“మాకు గిద్ద, సోల ఉండేవి. వాటికి ఈ ఎమ్మెల్ గొడవ లేదు.”

ఈ మాట ప్రతి ఆదివారం అంటారు. ఒకరోజు చిన్నాడు పట్టుబట్టి మొత్తం లెక్క చెప్పించుకున్నాడు. గోదావరి జిల్లాలో ఆవిడ పుట్టింటి లెక్కలో రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఎక్కడికక్కడ రెట్టింపే. మా స్టీలు కప్పుల సెట్టులో మాత్రం ఒకటి, అర, పావుతో పాటు మూడో వంతు కప్పు కూడా ఉంది. “ఇదెవరి బుర్రలో పుట్టిందో” అని అత్తయ్య దాన్ని పక్కన పెట్టేశారు. ప్రస్తుతం అది ఇడ్లీ రవ్వ డబ్బాలో ఉంటోంది.

సగం కేకే చేయాల్సి వచ్చిన రోజు చిక్కొచ్చి పడింది. ముప్పావు కప్పు పంచదారలో సగమెంత? పెద్దది నోటుబుక్కు తెచ్చి, కొట్టివేతలు పోగా ఎనిమిదింట మూడు వంతులని తేల్చింది. బాగానే ఉంది, ఆ కొలతకి కప్పేదీ? అత్తయ్య పావు కప్పు నిండా పోశారు, మళ్లీ అదే కప్పుతో సగానికి పోశారు. “అయిపోయింది. దీనికి పుస్తకం దేనికే?” భిన్నాల స్లిప్ టెస్టులో ఇరవైకి పదకొండు తెచ్చుకున్న పిల్ల ఆ పంచదార వంక కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాతి టెస్టులో ఇరవైకి ఇరవై వచ్చాయని రాస్తే కథ బాగుండేది. పన్నెండొచ్చాయి.

“అవతలికి పో!”

మన వంటింట్లో పిల్లలు ఎక్కువగా వినే మాట ఇదే. తప్పు పట్టడానికి లేదు. కాగే నూనె, చిటపటలాడే తాలింపు, ఆవిరి చిమ్మే కుక్కరు, ఏడున్నరకల్లా వీధి చివర హారన్ కొట్టే స్కూల్ బస్సు... ఆ హడావుడిలో “నేనూ కలుపుతానమ్మా” అంటే ఎవరికైనా విసుగే. ఆడపిల్లయితే ఎప్పటికో ఒకప్పటికి లోపలికి పిలుపొస్తుంది. మగపిల్లాడైతే హాస్టల్లో చేరేదాకా స్టవ్ వెలిగించడమే తెలియకుండా పెరుగుతాడు.

దీనికి వెనకటి రోజుల్లో ఒక మినహాయింపు ఉండేది. అదే పిండివంటల రోజు. సంక్రాంతికి ముందు, వేసవి సెలవుల్లో, పెళ్లి సారె కట్టేటప్పుడు ఇంట్లో పని రెండుగా చీలిపోయేది. మూకుడు వైపు పెద్దవాళ్లు, పిండి వైపు పిల్లలు. చెక్కలు తట్టడం, కజ్జికాయల అంచులు మడవడం, అరిసెల్లో నూనె నొక్కడం, గవ్వల పీట మీదో కొత్త దువ్వెన మీదో బొటనవేలితో చిన్న ఉండని ఒత్తి గవ్వలా చుట్టడం. గవ్వలకి పెద్దవాళ్ల వేళ్లకన్నా పిల్లల వేళ్లే నయమని అత్తయ్య ఇప్పటికీ అంటారు. వీధి వీధికీ స్వగృహ బోర్డులు వచ్చాక ఆ పని పోయింది. అరకిలో గవ్వలు కవర్లో తూచి ఇస్తున్నప్పుడు పీటతో పనేముంది? పని తగ్గినందుకు నాకేమీ దిగుల్లేదు. ఎండాకాలంలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంద అరిసెలు వత్తినవాళ్లనెవరినైనా అడగండి, వాళ్లకీ ఉండదు. పనితో పాటు పిల్లలకు పిండి గిన్నె దగ్గర ఉన్న చోటు కూడా పోయింది, అదే నా బాధ.

ఓవెన్ దగ్గర పిల్లలకు ఆ చోటు మళ్లీ దొరికింది. ఇందులో మంట తలుపు వెనకాల ఉంటుంది. పాతిక నిమిషాల పని నేల మీదే, తర్వాత అరగంట పైన ఎదురుచూపు. వేడి ట్రే తీయడం నా పని, మిగతాదంతా వాళ్లదే. మా చిన్నాడికి ఇది ఆడవాళ్ల పనని ఎవరూ చెప్పలేదు. చెప్పేలోపే వాడు మైదా జల్లించడం నేర్చేసుకున్నాడు.

పైనా కిందా నిప్పులు

బేకింగ్ మనది కాదంటే అత్తయ్య ఒప్పుకోరు. “దిబ్బరొట్టె ఏంటి మరి?” అంటారు. మినప్పిండీ రవ్వా కలిపి మందపాటి మూకుడులో పోసి, కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు. పైనా కిందా వేడి పెట్టి పిండిని పొంగించి ఎర్రగా కాల్చడమేగా ఓవెన్ చేసేది! వరంగల్ వైపు సర్వపిండి కూడా ఆ కుటుంబంలోదే. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి సర్వ లోపల గోడలకంతా వత్తి, మూత పెట్టి సెగ మీద కరకరలాడేలా కాలుస్తారు. గిన్నప్ప అన్నా ఇదే.

మైదా, గుడ్లు, పంచదార కలిపిన కేకు మాత్రం దొరల వెంట వచ్చింది. కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు అనే బేకరీ యజమాని 1883లో ముర్డాక్ బ్రౌన్ అనే దొర కోసం క్రిస్మస్ కేకు చేశాడని, మన దేశీయులు చేసిన తొలి క్రిస్మస్ కేకు అదేనని చెబుతారు. హైదరాబాద్‌కి తన సొంత బేకరీ రుచులున్నాయి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్ ఇరానీ చాయ్ పక్కన ఉండాల్సిందే. మిగతా ఊళ్లలో చాలావాటికి కేకును తెచ్చినవి అయ్యంగార్ బేకరీలు. ఎగ్‌పఫ్, దిల్‌పసంద్, నూనె కాగితంలో చుట్టిన టీ కేకు ముక్క అక్కడే మొదట తిన్నాం.

నా చిన్నప్పుడు ఇంట్లో ఓవెన్ లేదుగానీ బిస్కెట్లు ‘చేయించేవాళ్లం’. వేసవి సెలవుల్లో మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని, ఖాళీ రేకు డబ్బా చంకన పెట్టుకుని ఊళ్లో బేకరీకి వెళ్లేవాళ్లం. మన సరుకుతో మన కళ్లముందే పిండి కలిపి, బట్టీలో కాల్చి, డబ్బా నింపి ఇచ్చేవాళ్లు. ఇంటికొచ్చేసరికి పైవరస ఖాళీ. ఆ డాల్డాలోని ట్రాన్స్‌ఫ్యాట్ తలచుకుంటే ఇప్పుడు భయమే. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన అమల్లోకి వచ్చింది 2022 జనవరిలో. అప్పటికి మేం తినాల్సినవన్నీ తినేశాం!

తర్వాత మా వీధిలో ఒకరింటికి గుండ్రటి అల్యూమినియం ఓవెన్ వచ్చింది. మూతకి చిన్న అద్దం బిళ్ల, అందులోంచి చూడటానికి పిల్లల క్యూ. అది లేనివాళ్లకి ప్రెషర్ కుక్కరే ఓవెన్. అడుగున ఉప్పో ఇసుకో పోసి, గ్యాస్కెట్, వెయిట్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కించి, స్టాండు మీద కేకు గిన్నె పెట్టి సన్నటి సెగ మీద ముప్పావు గంట. 2020 లాక్‌డౌన్‌లో స్కూళ్లు మూతపడ్డప్పుడు ఎన్నో ఇళ్లలో తొలి కేకు ఇలాంటి కుక్కర్లోనే ఉడికింది. మాదీ అంతే. ఓటీజీ ఓవెన్ కొన్నది ఆ తర్వాతే. కరెంటు బిల్లు సంగతి మావారు అడిగారు. పదిహేను వందల వాట్ల ఓవెన్ గంటసేపు ఆగకుండా మండితే యూనిటున్నర. వేడి చాలినప్పుడల్లా అదే ఆగుతుంది కాబట్టి అంత కూడా పడదు.

బొబ్బట్ల పిండి, కేకు పిండి

అత్తయ్య గుడ్డు ముట్టరు. అందుకని మా ఇంట్లో నడిచేది పెరుగు కేకే. ఒక కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా గిలకొట్టి, ఒకటింపావు చిన్న చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా వేసి అయిదు నిమిషాలు వదిలేయాలి. చిన్నాడికి ఇష్టమైన ఘట్టమిది. పెరుగు బుసబుసమని పొంగుతుంది. పెరుగులో పులుపు సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, ఆ బుడగలే కేకును లేపేవి. బేకింగ్ పౌడర్లో సోడాతో పాటు పులుపు కూడా పొడి రూపంలో కలిసే ఉంటుంది కాబట్టి దానికి తడి తగిలితే చాలు. సోడా ఎక్కువైతే కేకు సబ్బు వాసనేస్తుంది, అదీ ఒకసారి అయింది. పొంగిన పెరుగులో అర కప్పు నూనె, చెంచాడు వెనిలా, చివర్న జల్లించిన మైదా కప్పున్నర. 180 డిగ్రీల దగ్గర ముప్పై అయిదు నిమిషాలు. గుచ్చిన పుల్లకి పిండి అంటకపోతే అయినట్టే.

మైదా వేశాక పెద్దది కవ్వంతో గిరగిరా తిప్పబోతుంటే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. “బొబ్బట్లకి పిండి సాగాలి. అందుకే ఎంతసేపు పిసికితే అంత మంచిది, నూనెలో నాననిచ్చేదీ అందుకే. మీ కేకుకి సాగకూడదుగా? మరెందుకలా తిప్పుతావు, జిగురొచ్చేస్తుంది.” ఆవిడ జీవితంలో కేకు చేయలేదు. గ్లూటెన్ అన్న మాట విన్నారో లేదో కూడా తెలీదు. మైదా సంగతి మాత్రం చేతులకు తెలుసు. నేను మూడు వీడియోలు చూసి నేర్చుకున్న సంగతి ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు.

వేసవిలో ఓ ఆదివారం కేకు లోపల పెట్టిన ఇరవై నిమిషాలకు కరెంటు పోయింది. బుడగలు పొంగాయి గానీ వాటి చుట్టూ పిండి ఇంకా గట్టిపడలేదు. తలుపు తీయొద్దని నేను అంటూనే ఉన్నా, చిన్నాడు తీసి చూశాడు. మా కళ్లముందే నడుమ గుంట పడింది. కుక్కరు వేడెక్కించి మిగతా ఉడుకు అందులో కానిచ్చాం. గుంటలో మామిడిపండు రసం పోసుకుని తిన్నాం. దానికి పిల్లలు ‘చెరువు కేకు’ అని పేరు పెట్టారు. ఇప్పుడు కరెంటు ఉన్నప్పుడు కూడా చెరువు కేకే చేయమంటున్నారు. అదెలా చేయాలో నాకు తెలీదు.

ఇంటిదైతే మంచిదేనా?

ఇక్కడ కొంచెం నిజం మాట్లాడుకోవాలి. ఇంట్లో చేసిన కేకు ఆరోగ్యం అనేవాళ్లున్నారు. ముప్పావు కప్పు పంచదార అంటే దాదాపు నూట యాభై గ్రాములు. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకి మూడు చెంచాలు. బెల్లం వేసినా లెక్క పెద్దగా మారదు. తినేవాటిలో చక్కెర ఎంతో చూపే ‘షుగర్ బోర్డు’లు స్కూళ్లలో పెట్టమని 2025 మేలో సీబీఎస్‌ఈ చెప్పింది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు రోజువారీ కేలరీల్లో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్లవాళ్లకు 15 శాతం చక్కెర నుంచే వస్తున్నాయని, ఉండాల్సింది 5 శాతమేనని ఆ సర్క్యులర్‌లో ఉంది. మా చిన్నాడి స్కూల్లో ఆ బోర్డు చూసొచ్చి, “అమ్మా, మన కేకులో ఎన్ని చెంచాలు?” అని వాడే అడిగాడు. ఇంటిదాంట్లో ఉన్న లాభం అదొక్కటే, ఎంత వేశామో మనకి తెలుసు. మేం ముప్పావును అరకి దించాం. ఒక వారం ముఖాలు ముడుచుకున్నారు, తర్వాత మర్చిపోయారు. సగం మైదా తీసేసి రాగిపిండి వేసి చూశాం. రాగిలో జిగురుండదు కాబట్టి పొడిపొడిగా రాలింది. రాగి తగ్గించి గోధుమపిండి కలిపితే నిలబడింది. స్నాక్స్ బాక్సులో పెడితే ఖాళీగా తిరిగొచ్చింది. తిన్నది మావాడో, పక్క బెంచీవాడో నేనడగలేదు.

ఇంకో మాట. గిన్నె నాకడం పిల్లల హక్కని నేనూ అనుకునేదాన్ని. పచ్చి గుడ్డు సంగతి సరే, పచ్చి మైదాలోనూ క్రిములు ఉండొచ్చు. ఇప్పుడు మా ఇంట్లో నాకుడు బంద్.

పుట్టినరోజుకి మాత్రం చిన్నాడికి బేకరీ కూల్ కేకే కావాలి. పైన కార్టూన్ బొమ్మ, పక్కన చిచ్చుబుడ్డిలా చిమ్మే కొవ్వొత్తి. ఆ తెల్లటి క్రీము చాలాచోట్ల పాలమీగడ కాదని, నూనెలతో చేసేదని చెప్పి చూశాను. “ఏడాదికొక్కసారేగా” అన్నాడు. ఒప్పుకున్నాను.

గిన్నెలెవరు తోముతారు?

ఇన్‌స్టాగ్రామ్‌లో కేకు ఫొటో ఉంటుంది, సింకు ఫొటో ఉండదు. ఒక కేకుకి బేసిన, జల్లెడ, కవ్వం, మూడు కప్పులు, నాలుగు చెంచాలు, టిన్ను, ట్రే. నేల మీద పిండి తెల్లటి ముగ్గులా. సోమవారం యూనిఫాం ఇస్త్రీ, చిన్నాడి డ్రాయింగ్ హోంవర్కు, రేపటి కూరగాయలు తరగడం... ఆదివారం రాత్రి ఇవన్నీ ఎవరి నెత్తిన పడతాయో మీకూ తెలుసు. మొదటి ఏడాది నేనే తోమాను. పిల్లలతో ఆనందంగా గడిపానని అందరికీ చెప్పి, రాత్రి పదింటికి నడుం పట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ ఒక్కతే అలసిపోయే సరదా ఎంతోకాలం నిలవదు. ఓవెన్ కొనాలనుకునే ఇళ్లవాళ్లు మోడల్ తర్వాత చూసుకోవచ్చు, ముందు తోముడు సంగతి తేల్చుకోండి.

మేం ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ఒక వారం పెద్దది, ఒక వారం చిన్నాడు, ఒక వారం మావారు, ఒక వారం నేను. అత్తయ్యకు మినహాయింపు. అయినా ఆవిడ కప్పులు మాత్రం తనే కడిగి, తుడిచి, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చుకుంటారు.

ఈ ఆదివారం వంతు మావారిది. మధ్యాహ్నం నుంచీ అర్జెంటుగా బయట పనుందంటున్నారు.