స్వాములు చూడకుండా వచ్చేస్తున్న సరస్సు

కార్తీకం వచ్చిందంటే మన గోదావరి పల్లెల్లో నల్లబట్టలు కనబడని వూరు వుండదు. నలభై ఒక్క రోజుల దీక్ష, ఇరుముడి, వ్యాను, పంబ, సన్నిధానం, తిరుగు ప్రయాణంలో మధుర, ఇల్లు. ఏటా ఇదే వరస. పదిహేను సార్లు కొండకు వెళ్లి వచ్చిన గురుస్వామిని సైతం "శబరిమల చుట్టూ వున్న అడవి పేరేమిటి స్వామీ?" అని అడిగితే "అడవే గదా స్వామీ" అంటారు. ఈ విలేకరి కూడా మొన్న మొన్నటి దాకా ఆ బాపతే.

ఆ అడవి పేరు పెరియార్ పులుల అభయారణ్యం. కేరళ, తమిళనాడు సరిహద్దులో 925 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని వుంది. దాని పడమటి కొసన శబరిమల, తూర్పు కొసన తేక్కడి సరస్సు. పంబ నుంచి మధుర వెళ్లే స్వాముల వాహనాల్లో చాలా భాగం పీరుమేడు, వండిపెరియార్, కుమిళి మీదుగానే పోతాయి. కుమిళిలో టీ తాగుతారు, యాలకులు, మిరియాలు బేరమాడతారు, బండెక్కి కునుకు తీస్తారు. అక్కడికి నాలుగు కిలోమీటర్లలోనే సరస్సు వుందని మాత్రం చాలామందికి తెలియదు. గత సీజనులో మా బృందం గురుస్వామిని బతిమాలి, ఒక పగలు, ఒక రాత్రి అక్కడ ఆగాం. అందులో చూసింది, విన్నది నలుగురికీ చెప్పదగ్గదని ఇది రాయడం.

కాటన్ దొర లాంటి మరో దొర

తేక్కడి సరస్సు దేవుడు తవ్వింది కాదు, మనుషులు కట్టిందే. మనకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఎలాగో, మధుర, తేని జిల్లాల రైతులకు పెన్నీక్విక్ దొర అలాగ. పెరియార్ నది పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది. కొండకు తూర్పున వున్న తమిళ గ్రామాలు వాన లేక ఎండిపోయేవి. పడమటికి పోయే నీటిని తూర్పుకు మళ్లిస్తే ఎలా వుంటుందన్న ఆలోచన ఆనాటి మద్రాసు ప్రభుత్వానిది. అప్పట్లో మన జిల్లాలు కూడా ఆ ప్రభుత్వం కిందివే.

నది వున్నది తిరువాన్కూరు మహారాజు రాజ్యంలో. 1886లో ఒప్పందం రాసుకున్నారు. 8 వేల ఎకరాలు, ఎకరాకు 5 రూపాయల కౌలు, గడువు 999 సంవత్సరాలు. మన వూళ్లలో మూడేళ్ల కౌలుకే గట్టు మీద గొడవలవుతుంటాయి. 999 ఏళ్ల కౌలు కాగితం మీద సంతకాలు పెట్టినవారు ఏమనుకుని పెట్టారో!

1887లో పని మొదలై 1895లో ముగిసింది. సిమెంటు లేని రోజులు. సున్నం, సుర్కీ కలిపి రాతికట్టడంగా లేపారు. మలేరియాతో, వరదలతో పనివాళ్లు చాలామంది పోయారు. కట్టిన భాగం ఒకసారి కొట్టుకుపోతే దొర సొంత ఆస్తి అమ్మి మళ్లీ కట్టించాడని అక్కడి రైతులు కథగా చెప్పుకుంటారు. అది నిజమో కాదో గాని, ఆయన పుట్టినరోజు జనవరి 15న ఆయన పేరు మీద పొంగలి వండుకోవడం మాత్రం నిజం. కొండను మైలు పైచిలుకు తొలిచి, సొరంగం గుండా నీటిని తూర్పుకు దింపారు. ఆ నీరే నేటికీ తేని, మధుర వైపు పొలాలకు పారుతున్నది. దిగేటప్పుడు కరెంటు కూడా ఇస్తున్నది.

ఇక రెండు రాష్ట్రాల తగాదా గురించి రాయాలంటే ఈ పేజీ చాలదు. ఆనకట్టకు 130 ఏళ్లు నిండాయి, తెగితే మా గతి ఏమిటని కింద వున్న కేరళవారి భయం. నీరు తగ్గితే మా మడి గతి ఏమిటని తమిళ రైతుల భయం. 2014లో సుప్రీంకోర్టు 142 అడుగుల వరకు నీరు నిలవచ్చని తీర్పు ఇచ్చింది. కాలవ చివర భూములున్న మనబోటి వాళ్లకు ఇద్దరి బాధా అర్థమవుతుంది.

నీళ్లలో నిలబడ్డ మానులు

కుమిళి దాటాక సొంత బండ్లను సరస్సు దాకా పోనివ్వరు. ఆపి, బస్సు మార్చి తీసుకుపోతారు. మా స్వాముల్లో ఒకాయన దీనికి సణిగారు గాని, హారన్లు లేని రోడ్డు మీద కోతులు, బెట్టుడుతలు కొమ్మల్లో కనబడేసరికి ఆయనే అందరికీ చూపించడం మొదలు పెట్టారు. ఆ బెట్టుడుత మన ఇంటి ఉడుత లాంటిది కాదు. తోకతో కలిపి మూరన్నరకు పైనే వుంటుంది. ఒక మాను మీద నుంచి మరో మాను మీదికి ఎగురుతుందే తప్ప నేల మీదికి దిగడం అరుదు.

సరస్సు చుట్టుకొలత చూసి తెలుసుకునేది కాదు. కొండల సందుల్లోకి వేళ్లు చాచినట్లు 26 చదరపు కిలోమీటర్లు పాకింది. మధ్య మధ్య నల్లటి మొద్దులు నీటిలోంచి లేచి వున్నాయి. 1895లో నీరు నిండినప్పుడు మునిగిన అడవి చెట్లు అవి. నూటముప్ఫై ఏళ్లుగా కొన్ని అలాగే నిలిచి వున్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. చూస్తున్నంతసేపూ మనసులో పోలవరం ముంపు గ్రామాలు మెదిలాయి. అక్కడ చెట్లే కాదు, గడపలు కూడా నీటి కింద వున్నాయి గదా.

పడవ ఎక్కగానే ప్రాణరక్షక జాకెట్టు తొడుక్కోమన్నారు. లేచి నిలబడవద్దని పదేపదే చెప్పారు. కారణం వుంది. 2009 సెప్టెంబరు 30న ఇదే సరస్సులో రెండంతస్తుల పడవ తిరగబడి 45 మంది చనిపోయారు. ఒడ్డున జంతువులు కనబడ్డాయని జనం ఒక పక్కకు ఒరిగారని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మన కళ్ల ముందే జరిగిన ఘోరం మరిచిపోయినవారు ఈ జిల్లాలో వుండరు. జాకెట్టు బిగుతుగా వుందని విప్పబోయిన స్వామికి ఈ రెండు సంగతులూ చెప్పాక మళ్లీ తాడు బిగించుకున్నారు.

గంటన్నర షికారులో మాకు కణితులు, అడవిపందులు, చాలా దూరాన ఒక అడవిదున్నల మంద కనబడ్డాయి. ఏనుగు కనబడలేదు. స్వాములు డీలా పడ్డారు. దీనికి కారణం తరవాత తెలిసింది. మనం వెళ్లే నవంబరు, డిసెంబరు, జనవరిలో సరస్సు నిండుగా వుంటుంది, అడవిలో ఎక్కడ చూసినా నీరే. ఏనుగుకు ఒడ్డుకు రావలసిన అవసరం వుండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీరు తగ్గి, ఒడ్డున పచ్చగడ్డి మొలిచాక మందలు దిగుతాయి. ఏనుగు కోసమే వెళ్లేవారు వేసవిలో పిల్లాపాపలతో వెళ్లడం మేలు.

ఆకు రాలని అడవి

మరుసటి ఉదయం నడక. ముందు అటవీశాఖ వారి దగ్గర చీటీ తీసుకోవాలి. తోడుగా అక్కడి గిరిజనుడు వస్తాడు. మన్నాన్, పళియన్ అనే రెండు జాతులవారు ఈ అడవిలో మొదటి నుంచి వున్నారు. మోకాలి దాకా గుడ్డ మేజోళ్లు కట్టించారు. జలగల కోసమట. మన పొలంలో జలగ నీళ్లలో వుంటుంది. ఇక్కడి జలగ ఆకు మీద కూర్చుని మనిషి కోసం కాసుకుని వుంటుంది. అయినా ఇద్దరు స్వాములు రక్తం సమర్పించుకున్నారు.

మన పాపికొండల అడవికీ దీనికీ తేడా అడుగు పెట్టగానే తెలిసింది. మన కొండల్లో వేసవి వస్తే చాలా చెట్లు ఆకు రాల్చి మోడులవుతాయి. ఇక్కడ ఏడాది పొడుగునా పచ్చదనమే. రెండు రుతుపవనాలూ తడుపుతాయి. పై చెట్లు గొడుగు పట్టినట్లుంటే వాటి కింద రెండో వరస, దాని కింద మూడో వరస, నేల మీదికి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. పెద్ద మానులకు వేళ్లు గోడల్లా లేచి వున్నాయి. మనం బజారులో కొనే మిరియాలు, యాలకులు, దాల్చినచెక్క లాంటివి ఈ కొండల్లో అడవి మొక్కలుగానే పెరుగుతాయి. సింహం జూలు లాంటి మెడ వున్న నల్లకోతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదని చెప్పారు. మాకు దాని కూత వినబడింది గాని మనిషి అలికిడికి అది ముందుకు రాలేదు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఒకటుంది. ఒకప్పుడు ఈ అడవిలో దొంగతనంగా చెట్ల బెరడు వలిచి, దాల్చినచెక్కగా అమ్ముకుని బతికిన బృందం వుండేది. కేసులు, పరుగులు, జైళ్లు. 1990ల చివర అటవీశాఖ వారితో ఒప్పందానికి వచ్చింది. దొంగతనం మానితే కేసులు వదిలేసి, యాత్రికులకు దారి చూపే పని ఇస్తామన్నారు. అడవిలో ఏ మూల ఏ దొంగ దూరతాడో వారికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! అలా పాత దొంగలే కాపలాదారులయ్యారు. కుమిళి ఆడవాళ్లు కొందరు వసంతసేన పేరుతో 2002 నుంచి జీతం లేకుండా వంతులవారీగా అడవి కాపలా తిరిగారు. వరి నాట్లు, కోతలతో తీరిక లేని మన ఆడవాళ్లకు ఈ మాట చెబితే మొదట నవ్వారు, తరవాత అడవిలో పులి వస్తే ఏం చేస్తారని అడిగారు.

కణితి కడుపులో మన కవరు

నడకలో వుండగానే మాతో వచ్చిన గిరిజనుడు, మేము శబరిమల స్వాములమని తెలిసి, తమిళంలో కొంత, చేతి సైగలతో కొంత ఒక సంగతి చెప్పాడు. శబరిమల దారి పక్క చనిపోయిన కణితుల కడుపు కోసి చూస్తే ప్లాస్టిక్ కవర్లు ముద్దలుగా బయటపడ్డాయట. ఏనుగులకూ ఇదే గతి పట్టిన సందర్భాలున్నాయి. ఉప్పు, బెల్లం, అరటితొక్క వాసనకు వచ్చి కవరుతో సహా మింగేస్తాయి. మా వరసలో అందరూ ఒక్కసారిగా మాట మానేశారు. ఆ కవర్లు ఎవరివో చెప్పనక్కరలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. మొదటిసారి మాల వేసుకున్న ఏడు పంబలో స్నానం చేసి, అందరితో పాటు నా నల్లలుంగీ ఏటిలో వదిలేసి వచ్చాను. పాపం పోతుందని పక్క స్వామి చెప్పారు. అలా వదలమని ఆచారంలో ఎక్కడా లేదని ఆలయం వారే చెబుతున్నారు. కేరళ హైకోర్టు దాన్ని నేరంగా చూడాలన్నది, ఇరుముడిలో ప్లాస్టిక్ కూడా వద్దన్నది. ఆ పంబ నీరే దిగువన కుట్టనాడు వరిచేలకు పోతుంది. మన గోదావరికి ఎగువన ఎవరైనా లక్షల లుంగీలు వదిలితే మనం వూరుకుంటామా?

అక్కడివారు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2011లో కేరళ పోలీసులు పుణ్యం పూంకావనం అని ఒక కార్యక్రమం మొదలు పెట్టారు. పూంకావనం అంటే అయ్యప్ప పూలతోట. పోలీసులతో కలిసి స్వాములు కూడా కాసేపు చెత్త ఎత్తేవారు. 2024లో దేవస్థానం బోర్డు, ఇరుముడిలో కర్పూరం, అగరువత్తులు, పన్నీరు తేవద్దని కోరింది. అవి సన్నిధానంలో వాడేది లేదు, చివరికి చెత్తలోకే పోతాయి.

వూరికి వచ్చాక మా గురుస్వామి ఒక నిర్ణయం చేశారు. రానున్న సీజనుకు మా పీఠం స్వాముల ఇరుముళ్లలో ప్లాస్టిక్ పొట్లం ఒక్కటి కూడా వుండదు. బియ్యం, పసుపు, కుంకుమ అన్నీ గుడ్డసంచుల్లోనే. మా వూరి దర్జీ పాత నల్లలుంగీలతో చిన్న సంచులు కుట్టడం అప్పుడే మొదలు పెట్టాడు, సంచికి కూలి తీసుకోనన్నాడు. పంబలో బట్ట వదిలితే మరుసటి ఏడు ఆ స్వామికి మాల వేయనని గురుస్వామి గట్టిగా చెప్పారు. ముగ్గురు పాత స్వాములు అలిగి పక్క వూరి పీఠానికి పోతామంటున్నారు.

తేక్కడిలో మళ్లీ ఆగుదామంటే మాత్రం ఎక్కువమంది సరేనన్నారు. ఇద్దరే ఒప్పుకోవడం లేదు. ఏనుగు వస్తుందని రాసి ఇస్తేనే ఆగుతారట.