అద్దె సర్వరు, సొంత పేరు

వెబ్‌సైటు నెలకొల్పఁదలఁచిన మన వర్తకులును సంఘములవారును మొదట నెఱుఁగవలసిన విషయ మొకటి గలదు. వెబ్‌సైటు గాలిలో నుండునది కాదు. రేయింబవళ్లు మేల్కొనియుండు నొక కంప్యూటరునందు దాని పుటలు నిలువయుండును. అడిగినవారికి వానిని పంపు నా యంత్రమే సర్వరు. 1990లో జినీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ నెలకొల్పిన మొదటి సర్వరుపై, దీనిని ఆర్పవలదని యెఱ్ఱసిరాతో వ్రాసిన చీటి యంటింపఁబడెను.

అట్టి యంత్రమునఁ జోటు అద్దెకిచ్చుటయే హోస్టింగు. డొమైను పేరు దీనికంటె వేఱు. హోస్టింగు నివాసము, డొమైను చిరునామా. చిరునామా మనదైనచో నద్దెయిల్లు మార్చినను వచ్చువారు దారి తప్పరు. దానిని మధ్యవర్తి పేర నమోదు చేయించి పిమ్మట వగచువారు కలరు. పొలమును కౌలుకిచ్చినను పట్టాను తమ పేరనే యుంచుకొను మన భూస్వాములకు ఈ సూక్ష్మమును వేఱుగ బోధింప నక్కఱలేదు.

2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గున ఓవీహెచ్ సంస్థవారి సర్వర్ల భవనము దగ్ధమయ్యెను. ఎన్నియో వెబ్‌సైట్లు మూగవోయెను. వేఱు ప్రతి నుంచుకొననివారిలోఁ గొందఱు తమ సమాచారమును శాశ్వతముగఁ గోల్పోయిరి. అద్దె చెల్లించితిమి గదా యన్నంతమాత్రమున బూడిద తిరిగి పుటలు కానేరదు.

కావున డొమైనును తమ పేరనే నమోదు చేయించుకొనుటకును, సకల పుటల ప్రతిని వేఱొకచోట భద్రపఱచుటకును ఏర్పాటు గావించుకొనిన పిమ్మటనే అద్దె బేరమునకు దిగవలెనని మా మనవి.