అపొస్తలుల అధికారము – కృపాసువార్త

అధికారము అనగానే ఆజ్ఞయు, దండనయు మనకు స్ఫురించును. కృప యనగా అర్హత విచారింపక దేవుడు దయచేసినది. ఈ రెండింటికి పొత్తు ఎట్లు కుదురును? క్రైస్తవ బోధలోని ఈ ప్రశ్నను అరకులోయ మొదలుగాగల తూర్పుకనుమల మన్యసీమను దృష్టిలో నుంచుకొని పరిశీలింపదలచినాము.

అపొస్తలుడు అను మాట గ్రీకు నుండి వచ్చినది. పంపబడినవాడని దాని అర్థము. ఉర్దూ బైబిలులో ఇందుకు 'రసూల్' అను పదమును వాడినారు. ఖురాను యేసు శిష్యులను 'హవారీ'లని పేర్కొన్నది. పంపబడినవాని బలమంతయు అతడు తెచ్చిన వార్తలోనే యున్నది. వార్తను మార్చినచో అతని అధికారమే మిగులదు.

ఈ సూత్రమునకు తొలి పరీక్ష క్రీ.శ. 49 ప్రాంతమున వచ్చినది. యూదులు కానివారు క్రైస్తవులగుటకు సున్నతి పొంది మోషే ధర్మశాస్త్రమును అనుసరింపవలెనా? అపొస్తలులును పెద్దలును యెరూషలేములో సమావేశమై, ఆ భారము వారిపై మోపనక్కరలేదని నిర్ణయించి, కొన్ని విషయములలో మాత్రము నియమము పాటింపుమని కోరినారు. అపొస్తలుల కార్యముల 15వ అధ్యాయమున ఈ వృత్తాంతము కలదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజించుచుండిన పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే వెనుదీసినాడు. పౌలు అతనిని ముఖాముఖిగా ఎదిరించినాడు. తానైనను, పరలోకదూతయైనను వేరొక సువార్తను తెచ్చినచో అంగీకరింపవలదని గలతీయులకు వ్రాసినాడు. అనగా అపొస్తలుడును సువార్తకు లోబడినవాడే.

ఇక మన కొండలకు వత్తము. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం గ్రామమున 1876లో క్రిస్టియన్ జెన్‌సెన్ ఒక లూథరన్ మిషను స్థాపించినారు. 1882లో దాని మిషనరీలు ఈ సీమకు వచ్చినారు. కొండల దిగువ సాలూరు, ఎగువ కోరాపుట్, జయపురము వారి కేంద్రములైనవి. ఆంగ్లేయుల పాలనలో తెల్లబోధకుని మాటపై సర్కారు నీడ పడక తప్పలేదు. అట్టి కాలముననే ఎఫ్.వి.పి. షుల్జ్ అను మిషనరీ కోదుల కువి భాషకు వ్యాకరణము వ్రాసి 1911లో ప్రకటించినారు. వినువాడు తన భాషను విడువనక్కరలేదు, చెప్పువాడే దానిని నేర్వవలెనను భావము ఇందు ఇమిడియున్నది. యెరూషలేము తీర్పునకు ఇది చేరువైనదని మా అభిప్రాయము. షెడ్యూల్డు తెగలను గూర్చిన 1950 నాటి రాజ్యాంగ ఉత్తరువు సైతము మతమును షరతుగా పెట్టలేదు. క్రైస్తవుడైన కోదు కోదుగానే యుండును.

అధికారము ఎవరి ద్వారా సంక్రమించునను విషయమున భేదము కలదు. కతోలికులు బిషప్పుల పరంపరను, లూథరనులు అపొస్తలుల లిఖితవాక్యమును ప్రధానముగా నెంచుదురు. అయినను మానవుడు కృపచేతనే నీతిమంతుడగునని ఉభయులును 1999లో ఆగ్స్‌బర్గున ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసినారు.

మన విద్యార్థులలో కొందరు రేపు ఉపాధ్యాయులుగనో, వైద్యులుగనో, అధికారులుగనో ఆ కొండలెక్కుదురు. వారు ఏ మతస్థులైనను ఈ ప్రశ్న వారిని విడువదు. మేలు ముందుగా ఇచ్చుటయా, లేక మావలె మారిన పిమ్మట ఇత్తుమనుటయా? రెండవది చెప్పినవాని చేత అధికారమున్నను, కృప యుండదు.