వేటను విడిచిన విల్లు

2023 అక్టోబర్ 7, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. మహిళల కాంపౌండ్ ఆర్చరీ ఫైనల్లో బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 15 బాణాలు వేసి 150కి 149 పాయింట్లు సాధించింది. దక్షిణ కొరియాకు చెందిన సో చేవన్ 145 దగ్గర ఆగిపోయింది. ఆ క్రీడల్లో సురేఖకు అది మూడో స్వర్ణం. ఆమె చేతిలోని యంత్రం మాత్రం పతకాల కోసం పుట్టలేదు, వేట కోసం పుట్టింది.

దాన్ని కనిపెట్టినవాడు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హాలెస్ విల్బర్ అలెన్. మామూలు విల్లును ఎంత వెనక్కి లాగితే అంత బరువెక్కుతుంది. తీరా గురి చూడాల్సిన క్షణానికి చెయ్యి వణకడం మొదలవుతుంది. అలెన్ ఒక విల్లు కొసలు రంపంతో కోసేసి కప్పీలు బిగించాడు. కిటుకంతా కప్పీ ఇరుసులో ఉంది. అది నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందుకే లాగుతున్నకొద్దీ కప్పీ తిరిగి, చివరికొచ్చేసరికి బరువులో కొంత భాగాన్ని తనే మోస్తుంది. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1969 చివర్లో చేతికొచ్చింది. విల్లుల తయారీలో పేరున్న టామ్ జెన్నింగ్స్ తోడయ్యాక అది బజారులోకి వచ్చింది. అలెన్ 1979లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

ఇవాళ గుండ్రటి కప్పీల చోట వంకర అంచుల కామ్‌లు వచ్చాయి. పోటీల్లో అనుమతించే గరిష్ఠ బరువు 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు. దాన్ని పూర్తిగా లాగాక 75 శాతం తగ్గిందనుకుంటే చేతిలో మిగిలేది ఏడు కిలోల లోపే.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లుకు తొలిసారి చోటు దొరికింది, అదీ మిక్స్‌డ్ టీం విభాగంలోనే. ఆ ఉత్సాహంతో తెలుగూ కన్నడమూ కలగలిసి వినిపించే హొసకోటెలో ఓ కుర్రాడు కొత్త విల్లు కొనాలనుకుంటే, ఆన్‌లైన్లో ముందు కంటపడేది ఆకుల రంగు పూసిన అమెరికా వేట సరంజామా. ఇక్కడ దానితో పనేముంది? హొసకోటె చెరువు మీద వాలే పెలికాన్ల వైపు ఎక్కుపెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. రంగు సంగతి అలా ఉంచితే, వేట సామాను పోటీకి అంతగా కుదరకపోవడానికి అసలు కారణం దూరం.

జంతువు ఎంత దూరంలో నిలబడుతుందో ముందే తెలియదు. అందుకే వేట విల్లుకు గురి చూసే సైట్‌లో ఒకదాని కింద ఒకటి మూడు నుంచి ఐదు పిన్నులుంటాయి, ఒక్కో దూరానికి ఒక్కోటి. ఆరుబయటి టార్గెట్ పోటీలో దూరం కచ్చితంగా 50 మీటర్లు. అక్కడ ఒకే చుక్క, దానికో భూతద్దం, వెంట్రుకవాసి జరపడానికి మరలు చాలు. వేట విల్లులో బాణాన్ని ఆనించే రెస్ట్, వేటగాడు నడుస్తున్నప్పుడు అది జారిపోకుండా పట్టుకుంటుంది. పోటీ విల్లుకు బాణం కింద పల్చటి ఉక్కు రేకు సరిపోతుంది. అమ్ముల పొది వేటగాడికి విల్లుకే తగిలించి ఉంటుంది, ఆటగాడికి నడుముకు.

నన్నడిగితే, మొదటి డబ్బు పీప్ మీద, రిలీజ్ మీద పెట్టాలి. పీప్ అంటే అల్లెతాడులో ఇమిడ్చే చిన్న రంధ్రం, కంటికి దగ్గరుండే వెనక గురి. పీప్‌కీ ముందున్న సైట్‌కీ మధ్య దూరం 90 సెంటీమీటర్లనుకోండి. పీప్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 50 మీటర్ల దగ్గర బాణం దాదాపు ఐదున్నర సెంటీమీటర్లు తప్పుతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం ఎనిమిది సెంటీమీటర్లే కాబట్టి, నడిబొడ్డున పడాల్సిన బాణం కూడా తొమ్మిదిలోకి జారుతుంది. చిన్న ప్లాస్టిక్ ముక్కే కదా అనుకోవడానికి లేదు.

వేళ్ళతో తాడు వదిలితే అది వేళ్ళ మీదుగా దొర్లి పక్కకు ఊగుతుంది. వేళ్ళకు బదులు తాడును పట్టి వదిలే చిన్న సాధనం రిలీజ్, అది ఆ ఊపును బాగా తగ్గిస్తుంది. వేటగాళ్ళు మణికట్టు పట్టీకి తుపాకీ మీటలాంటిది ఉన్నదాన్ని ఇష్టపడతారు. పోటీల్లో అరచేతిలో పట్టుకునే రకాలు ఎక్కువ. వాటిలో కొన్నిటికి మీటే ఉండదు, వీపు కండరాలు బిగిసేకొద్దీ తమంతట తామే విడుస్తాయి. ఎప్పుడు విడుస్తుందో చేతికే తెలియదు కాబట్టి ముందుగా ఉలిక్కిపడే అవకాశం తక్కువ.

విల్లుకు ముందు బిగించే కడ్డీ, స్టెబిలైజర్, కొన్నాళ్ళు ఆగొచ్చు. తాడు మీద నడిచే దొమ్మరి చేతిలోని పొడవాటి కర్ర చేసే పనే ఇదీ చేస్తుంది. చివర పెట్టిన బరువు ఒకటే అయినా, కడ్డీ 25 సెంటీమీటర్ల నుంచి 75కి పెరిగితే ఆ బరువు వల్ల విల్లు తిరగడానికి ఎదురయ్యే నిరోధం తొమ్మిది రెట్లవుతుంది. అడవిలో అంత కడ్డీ పొదల్లో చిక్కుకుంటుంది, అందుకే వేట స్టెబిలైజర్లు పొట్టివి.

కొట్లో కొత్త విల్లు చేతికిచ్చినప్పుడు చాలామంది లాగి చూసి వదిలేయబోతారు. బాణం లేకుండా తాడు వదలకూడదు. బాణంలోకి పోవాల్సిన శక్తికి దారి దొరక్క విల్లు రెక్కలైన లింబులు చీలవచ్చు, తాడు తెగి మొహానికి తగలవచ్చు. లాగి చూడాలనిపిస్తే, అలాగే పట్టుకుని నెమ్మదిగా వెనక్కి దించాలి.